జన్యుమార్పిడి పంటలు పురుగుమందుల వాడకాన్ని తగ్గిస్తాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

సూటిగా చెప్పండి. తగ్గిస్తాయా, తగ్గించవా?

ఏ పంట, ఏ లక్షణం అని అడక్కుండానే ఈ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లను నేను అంత తేలిగ్గా నమ్మను. ఇప్పుడు సాగులో ఉన్న జన్యుమార్పిడి పంటల్లో ఎక్కువ భాగం రెండు రకాలు. ఒకటి పురుగును తట్టుకునేవి. బీటీ పత్తి, బీటీ మొక్కజొన్న, బీటీ వంకాయ ఈ రకమే. రెండోది కలుపు మందు మీద పడినా చావనివి. సోయా, మొక్కజొన్న, పత్తి, కనోలా (ఆవ జాతి నూనెగింజ)లో ఇవి ఎక్కువ. మొదటి రకం పురుగుమందుల వాడకాన్ని తగ్గించింది, కొన్ని దేశాల్లో బాగా తగ్గించింది. రెండో రకం కలుపు మందుల వాడకాన్ని తగ్గించలేదు, సోయాలో అయితే పెంచింది. రెండింటినీ ఒకే పేరుతో పిలుస్తున్నాం కాబట్టి వాదన తెగదు. ఒకరు మొదటి రకం లెక్కలు చూపిస్తారు, ఇంకొకరు రెండో రకం లెక్కలు చూపిస్తారు. ఇద్దరివీ నిజం లెక్కలే.

ఒక్క అంకె కావాలంటే ఇది ఉంది. 2014లో విల్హెల్మ్ క్లుంపర్, మాటిన్ కైమ్ అనే ఇద్దరు పరిశోధకులు 147 అధ్యయనాలను కలిపి లెక్క కట్టారు. రసాయన మందుల వాడకం సగటున 37 శాతం తగ్గిందని, దిగుబడి 22 శాతం పెరిగిందని తేల్చారు. ఈ 37 శాతం అందరి నోటా వినిపిస్తుంది. ఆ తగ్గుదల దాదాపు అంతా పురుగును తట్టుకునే పంటల నుంచే వచ్చిందన్న సంగతి మాత్రం అదే వ్యాసంలో ఉన్నా ఎవరూ పెద్దగా చెప్పరు.

బీటీ అంటే అసలు ఏమిటి?

మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా. పూర్తి పేరు బాసిల్లస్ తురింజియెన్సిస్. 1901లో జపాన్‌లో పట్టుపురుగులు చచ్చిపోతుంటే కారణం వెతికిన ఇషివాతా దీన్ని మొదట గుర్తించాడు. తర్వాత జర్మనీలో ఎర్నెస్ట్ బెర్లినర్ 1911లో పిండికి పట్టే పురుగులో మళ్లీ కనిపెట్టాడు. ఆ పిండి వచ్చిన తురింజియా ప్రాంతం పేరే దీనికి స్థిరపడింది. 1938 నాటికే ఫ్రాన్స్‌లో దీన్ని మందుగా చేసి అమ్మారు. సేంద్రియ సాగు చేసేవాళ్లు ఇవాళ్టికీ దీన్ని పిచికారీ చేస్తారు. అంటే జన్యుమార్పిడితో కొత్తగా వచ్చింది విషం కాదు. ఆ విషాన్ని మొక్కే తయారు చేసుకోవడం.

దాన్ని తింటే పురుగు ఎలా చస్తుంది?

ఈ బ్యాక్టీరియా తన కణంలో చిన్న స్ఫటికాల్లా ఒక ప్రొటీన్‌ను పోగు చేస్తుంది. దాన్ని క్రై ప్రొటీన్ అంటారు. దాన్ని తయారు చేసే జన్యువునే మొక్కలో పెడతారు. లద్దె పురుగు ఆకు కొరికినప్పుడు ఆ ప్రొటీన్ దాని పేగులోకి పోతుంది. పురుగు పేగు మన కడుపులాగా ఆమ్లంతో ఉండదు, సబ్బు నీళ్లలా క్షారంగా ఉంటుంది. ఆ క్షారంలో ప్రొటీన్ కరుగుతుంది. పురుగు సొంత ఎంజైములే దాన్ని అక్కడక్కడా కత్తిరించి పని చేసే రూపానికి తెస్తాయి. అప్పుడది పేగు గోడ మీది కణాలను పట్టుకుని వాటికి చిల్లులు పెడుతుంది. కొన్ని గంటల్లోనే పురుగు మేత మానేస్తుంది. రెండు మూడు రోజుల్లో చస్తుంది. చచ్చిన తర్వాత కంటే మేత మానేసిన క్షణం నుంచే పంటకు లాభం.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆ ప్రొటీన్ పట్టుకోవడానికి పేగు కణం మీద దానికి తగిన గ్రాహకం, అంటే అది అతుక్కునే చోటు ఉండాలి. క్రై1ఏసీ లద్దె పురుగులను పట్టుకుంటుంది, క్రై3 రకాలు పెంకు పురుగులను పట్టుకుంటాయి. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక లాంటి రసం పీల్చేవాటిని పత్తిలో పెట్టిన ఈ ప్రొటీన్లు ఏమీ చేయవు. బీటీ విత్తనం వేస్తే ఏ పురుగూ రాదు అనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది.

పురుగును చంపేది మనం తింటే ఏమీ కాదా?

మన కడుపులో ఆమ్లం ఉంటుంది, అందులో ఈ ప్రొటీన్ మామూలు ప్రొటీన్‌లాగే విరిగిపోతుంది. అది అంటుకునే గ్రాహకాలూ మన పేగులో లేవు. 2016లో అమెరికా జాతీయ అకాడమీలు వందలాది పరిశోధనలను చూసి, మార్కెట్లో ఉన్న జన్యుమార్పిడి ఆహారం మామూలు ఆహారం కంటే ఎక్కువ ప్రమాదమని చెప్పే ఆధారం కనబడలేదని రాశాయి. కొత్త ప్రొటీన్ దేన్ని పెట్టినా అలర్జీ పరీక్ష విడిగా చేయాల్సిందే. ఒకదానికి భయం లేదని తేలితే అన్నిటికీ తేలినట్టు కాదు.

మొక్కలోనే విషం ఉంటే అది కూడా పురుగుమందే కదా? లెక్కలోంచి ఎందుకు తీసేస్తారు?

ఇది చాలా సరైన ప్రశ్న. అమెరికాలో పర్యావరణ పరిరక్షణ సంస్థ బీటీ ప్రొటీన్‌ను నిజంగానే పురుగుమందుగానే రిజిస్టర్ చేస్తుంది. మందుల వాడకం లెక్కల్లో మాత్రం అది కనిపించదు, ఎందుకంటే డబ్బాలో కొని పిచికారీ చేసేది కాదు.

అయినా రెండూ ఒకటే అనను. పిచికారీ చేసిన మందులో చాలా భాగం ఆకు మీద కాక నేల మీద, గాలిలో, పక్క కాలువలో, అన్నిటికంటే ముందు కొట్టేవాడి చేతుల మీద, ఊపిరితిత్తుల్లో పడుతుంది. బీటీ ప్రొటీన్ మొక్క లోపల ఉంటుంది. ఆ మొక్కను కొరికినవాడికే తగులుతుంది. మరోపక్క, పిచికారీ అయితే పురుగు కనిపించినప్పుడే చేస్తాం. బీటీ మొక్క మాత్రం పురుగు ఉన్నా లేకపోయినా మొలకెత్తిన రోజు నుంచి విషం తయారు చేస్తూనే ఉంటుంది. ఈ రెండో సంగతి వల్లే పురుగు ఆ విషాన్ని తట్టుకోవడం నేర్చుకునే చిక్కు వస్తుంది, అది కింద చెబుతాను.

నిజంగా తగ్గిన చోట్లు చెప్పండి.

ఆస్ట్రేలియా పత్తి అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ. అక్కడ 1996లో ఒక్క జన్యువు ఉన్న బీటీ పత్తి వచ్చింది. మొత్తం పత్తిలో 30 శాతానికి మించి వేయకూడదని హద్దు పెట్టారు. రెండు జన్యువుల రకం వచ్చాకే ఆ హద్దు ఎత్తేశారు. బీటీ పత్తి పక్కన రెఫ్యూజీగా, అంటే మామూలు పురుగు బతికే చోటుగా, కంది వేయడం, కోత అయ్యాక నేలలోని గూడు పురుగులు చచ్చేలా దున్నడం రైతు సంతకం పెట్టే ఒప్పందంలోనే ఉండేవి. పత్తి మీద అక్కడ వాడే పురుగుమందులు బీటీకి ముందు రోజులతో పోలిస్తే 90 శాతం పైగా తగ్గాయని ఆ రంగంవాళ్లు చెబుతారు.

అమెరికా మొక్కజొన్నలో జరిగింది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. కాండం తొలిచే పురుగు పెట్టిన గుడ్లలో ఎక్కువ భాగం బీటీ మొక్కల మీద పడి వృథా కావడంతో మొత్తం ప్రాంతంలోనే ఆ పురుగు తగ్గిపోయింది. 2010లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం ఆ లాభంలో సగానికి పైగా బీటీ వేయని రైతులకే దక్కింది.

బీటీ వంకాయ కథ తెలిసిందే అయినా చెప్పాలి. భారతదేశంలో తయారైన ఆ రకాన్ని 2010 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం నిలిపేసింది. పక్కనే ఉన్న బంగ్లాదేశ్ 2013 అక్టోబరులో అనుమతించింది, 2014 మొదట్లో రైతుల చేతికి మొక్కలు వెళ్లాయి. కొమ్మ, కాయ తొలిచే పురుగు ఒకసారి లోపలికి దూరిందంటే బయట కొట్టే మందు దానికి అందదు. అందుకే వంకాయ రైతులు రోజు విడిచి రోజు మందు కొట్టే పరిస్థితి ఉండేది. బీటీ రకం వేసిన పొలాల్లో ఆ పురుగు కోసం కొట్టే మందు బాగా తగ్గింది. పిండినల్లి, తెల్లదోమ కోసం కొట్టడం మాత్రం ఆగలేదు.

భారతదేశంలో బీటీ పత్తి వచ్చాక మందులు తగ్గాయంటారు, మళ్లీ పెరిగాయనీ అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. 2002 మార్చిలో మూడు బీటీ హైబ్రిడ్లకు అనుమతి వచ్చింది. అంతకుముందు దేశంలో సాగు భూమిలో 5 శాతం ఉన్న పత్తి మీదే పురుగుమందుల్లో దాదాపు సగం పడేది. శనగపచ్చ పురుగు ఏ మందుకూ లొంగని స్థితికి వచ్చింది. బీటీ వచ్చాక ఆ పురుగు కోసం కొట్టే మందు నిజంగానే పడిపోయింది. 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. పదేళ్లు తిరిగేసరికి పత్తి పొలాల్లో 90 శాతం పైగా బీటీయే.

తర్వాత గులాబీ రంగు పురుగు లేచింది. మొదటి జన్యువును అది తట్టుకుంటోందని 2010 నాటికి గుజరాత్‌లో తేలింది. 2014-15 నుంచి రెండు జన్యువులనూ తట్టుకోవడం మొదలైంది. మిగతా దేశాల్లో ఇంత త్వరగా జరగనిది ఇక్కడే ఎందుకు జరిగింది?

ఈ పురుగు బతికే తీరు చూస్తే కొంత అర్థమవుతుంది. లేత కాయ మీద గుడ్డు పొదిగి బయటికి వచ్చిన లద్దె, చాలా సన్నగా ఉంటుంది, వెంటనే కాయలోకి దూరుతుంది. అది దూరిన చిల్లు మూసుకుపోతుంది. బయటికి కాయ నున్నగా, ఆరోగ్యంగా కనిపిస్తుంది. లోపల అది గింజ తర్వాత గింజ తింటూ పోతుంది. ఇక్కడే హైబ్రిడ్ సంగతి వస్తుంది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో బీటీ జన్యువును మామూలు రకాల్లో పెట్టారు, కాబట్టి ప్రతి గింజలోనూ విషం ఉంటుంది. భారతదేశంలో దాన్ని హైబ్రిడ్లలో అమ్మారు. హైబ్రిడ్ మొక్క ఆకులో, పూతలో, కాయ గోడలో విషం ఉంటుంది. కానీ కాయలోని గింజలు తరువాతి తరం. బీటీ జన్యువు తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో ఒక్కవైపే వచ్చినట్టయితే, ప్రతి నాలుగు గింజల్లో ఒకదానిలో అది ఉండదు. రెండు జన్యువులున్న రకంలో కొన్ని గింజల్లో రెండూ, కొన్నింట్లో ఒకటే, కొన్నింట్లో ఏదీ లేకుండా పోవచ్చు. లద్దె ఆ గింజలన్నీ కలగలిపి తింటుంది. పూర్తిగా లొంగేవి చస్తాయి, కాస్తో కూస్తో తట్టుకునేవి బతికి గుడ్లు పెడతాయి. ఏళ్ల తరబడి, కోట్ల ఎకరాల్లో.

దానికి తోడు ఆ హైబ్రిడ్లు ఆరు నెలలకు పైగా పొలంలో ఉంటాయి. నీళ్లుంటే ఇంకో రెండు కోతలు తీద్దామని అలాగే ఉంచుతారు. గులాబీ పురుగుకు ఒక పంటలో అన్ని తరాలు తీరిగ్గా గడిచిపోతాయి. వచ్చిన వందలాది హైబ్రిడ్లలో చాలా వాటికి పచ్చదోమ, తెల్లదోమ అంటే తట్టుకునే శక్తి లేదు. మొదట్లో విత్తనానికి పట్టించిన ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు వాటిని ఆపింది, తర్వాత అవీ దానికి అలవాటుపడ్డాయి. కేశవ్ క్రాంతి, గ్లెన్ స్టోన్ అనే పరిశోధకులు 2020లో వేసిన లెక్క ప్రకారం పత్తి రైతు పురుగుమందుల మీద పెట్టే ఖర్చు బీటీకి ముందు రోజుల కంటే ఎక్కువే అయింది.

దీన్ని జన్యువు తప్పు అనడం నాకు సబబు అనిపించదు. దాన్ని ఎలాంటి మొక్కలో పెట్టారు, ఆ మొక్కను ఎన్నాళ్లు పొలంలో ఉంచారు, దాని పక్కన ఏం వేశారు అన్నవే నష్టం చేశాయి.

రెఫ్యూజీ అంటే ఏమిటి? పురుగుకు మనమే చోటు ఇవ్వడమా?

అవును, సరిగ్గా అదే. వినగానే పిచ్చి పనిలా అనిపిస్తుంది. బీటీ చేను పక్కన కొన్ని వరుసలు బీటీ లేని పంట వేయాలి, అక్కడ పురుగు బతకాలి.

లెక్క ఇలా ఉంటుంది. బీటీని తట్టుకునే పురుగు లక్షల్లో ఒకటి ఉండొచ్చు. బీటీ చేనులో మిగిలేది అదొక్కటే. పక్కన రెఫ్యూజీ లేకపోతే, అలా మిగిలిన రెండు పురుగులు ఒకదాన్నొకటి వెతుక్కుని జతకడతాయి, వాటి పిల్లలన్నీ తట్టుకునేవే అవుతాయి. రెఫ్యూజీ ఉంటే అక్కడి నుంచి వేలకొద్దీ మామూలు రెక్కల పురుగులు వస్తాయి, మిగిలిన ఆ ఒక్కదానికి వాటిలో ఒకదానితోనే జతయ్యే అవకాశం ఎక్కువ. పుట్టిన పిల్లలకు తట్టుకునే జన్యువు ఒక్క వైపు నుంచే వస్తుంది. మొక్కలో విషం మోతాదు బలంగా ఉంటే అవీ చస్తాయి. మోతాదు బలంగా ఉండటం, పక్కన రెఫ్యూజీ ఉండటం, రెండూ కలిస్తేనే ఈ ఉపాయం పని చేస్తుంది. పైన చెప్పిన హైబ్రిడ్ గింజల్లో మోతాదే సరిగా లేదు.

భారతదేశంలో 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఇచ్చేవారు. చుట్టూ అయిదు వరుసలు లేదా 20 శాతం విస్తీర్ణం, ఏది ఎక్కువైతే అంత వేయాలి. ఎక్కువ మంది ఆ పొట్లాన్ని విప్పలేదు. పురుగు తినేయడానికి విత్తనం పెట్టమంటే చిన్న కమతం ఉన్నవాడు ఎందుకు పెడతాడు? నష్టం అతనొక్కడిది, లాభం అందరిదీ. ఈ విషయంలో రైతును తప్పుపట్టడం తేలిక, కానీ అది న్యాయం కాదు. తర్వాత రెండు రకాల గింజలూ ఒకే సంచిలో కలిపి ఇచ్చే పద్ధతి తెచ్చారు.

పురుగు తట్టుకోవడం మొదలుపెట్టాక ఇక అంతేనా?

చాలా చోట్ల అంతే. 2006లో ప్యూర్టోరికోలో కత్తెర పురుగు క్రై1ఎఫ్ మొక్కజొన్నను తట్టుకుంది. 2011లో అమెరికాలోని అయోవాలో మొక్కజొన్న వేరు పురుగు క్రై3 రకానికి లొంగడం మానేసింది. ఏటా అదే పొలంలో మొక్కజొన్న మీద మొక్కజొన్న వేసిన చోట్లలోనే ఇది మొదలైంది, పంట మార్చిన చోట్ల కాదు.

ఇదే గులాబీ పురుగు విషయంలో అరిజోనాలో మాత్రం కథ తిరగబడింది. 2006 నుంచి అక్కడ రెఫ్యూజీ బదులు వేరే దారి పట్టారు. బీటీ పత్తి వేశారు, దాంతో పాటు రేడియేషన్ ఇచ్చి సంతానం కలగకుండా చేసిన రెక్కల పురుగులను విమానాల నుంచి వందల కోట్లు వదిలారు. పొలంలో మిగిలిన ఒకటీ అరా వాటితోనే జతకట్టి వంశం లేకుండా పోయాయి. 2018 అక్టోబరులో అమెరికా వ్యవసాయ శాఖ పత్తి ప్రాంతం నుంచి ఆ పురుగు పూర్తిగా పోయిందని ప్రకటించింది. పురుగు అదే, జన్యువులూ అవే. ఒక చోట మందుల ఖర్చు తిరిగి పెరిగింది, ఇంకో చోట పురుగే లేకుండా పోయింది.

ఒక పురుగు పోతే ఇంకోటి వస్తుందా?

వస్తుంది. చైనా ఉత్తర ప్రాంతంలో 1997 నుంచి బీటీ పత్తి వేశారు. శనగపచ్చ పురుగు కోసం కొట్టే మందు తగ్గాక, ఆ మందుతో పాటు ఇన్నాళ్లూ చచ్చిన, రసం పీల్చే మిరిడ్ నల్లులు పెరిగాయి, చుట్టుపక్కల పండ్ల తోటలకూ పాకాయి. అదే దేశంలో 36 చోట్ల ఇరవై ఏళ్ల లెక్కలు చూసిన ఇంకో అధ్యయనం 2012లో వచ్చింది. పిచికారీలు తగ్గడంతో అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, సాలీళ్లు పెరిగి, పేనుబంక తగ్గిందని అందులో తేలింది. రెండూ ఒకే పొలాల కథలే.

కలుపు మందును తట్టుకునే పంటల సంగతి?

ఇక్కడ నేను పెద్దగా సమర్థించలేను. ఆ పంట ఉద్దేశమే కలుపు మందు వాడటానికి వీలు కల్పించడం. 1996లో కలుపు మందు గ్లైఫోసేట్‌ను తట్టుకునే సోయా వచ్చినప్పుడు లాభం ఉన్న మాట నిజం. ఎక్కువ విషం ఉన్న పాత మందులు కొన్ని పక్కకు పోయాయి. దున్నకుండా విత్తడం సులువైంది, దాంతో నేల కోత తగ్గింది. కానీ ఒకే మందు, అదే పొలంలో, ఏటేటా. పామర్ అమరాంత్ అనే కలుపు ఉంది, మన తోటకూర కుటుంబమే. మనిషి ఎత్తు దాటి పెరుగుతుంది, ఒక్క ఆడ మొక్క లక్షల గింజలు రాలుస్తుంది. 2005లో అమెరికాలోని జార్జియాలో అది గ్లైఫోసేట్‌కు చావడం లేదని తేలింది. ఆ తర్వాత మోతాదు పెంచారు, పాత మందులను మళ్లీ తెచ్చారు.

పరిశోధకుడు చార్లెస్ బెన్‌బ్రూక్ 2012లో వేసిన లెక్క ప్రకారం 1996 నుంచి 2011 వరకు అమెరికాలో బీటీ పంటలు పురుగుమందులను 5.6 కోట్ల కిలోలు తగ్గిస్తే, కలుపు మందును తట్టుకునే పంటలు కలుపు మందులను 23.9 కోట్ల కిలోలు పెంచాయి. రైతుల లెక్కలే తీసుకుని 2016లో వచ్చిన ఇంకో అధ్యయనం, జన్యుమార్పిడి సోయా వేసినవాళ్లు మిగతావాళ్ల కంటే 28 శాతం ఎక్కువ కలుపు మందు వాడారని, మొక్కజొన్నలో మాత్రం పురుగుమందు 11 శాతం తగ్గిందని చెప్పింది.

గ్లైఫోసేట్ చాలక డైకాంబా అనే ఇంకో కలుపు మందును తట్టుకునే సోయా తెచ్చారు. డైకాంబా ఎండకు ఆవిరై గాలిలో కొట్టుకుపోతుంది. 2017లో అమెరికాలో 30 లక్షల ఎకరాలకు పైగా సోయా పక్క పొలాల మందుకు ఆకులు గిన్నెల్లా ముడుచుకుపోయింది. ఆ జన్యువు లేని పంట వేసుకున్నవాడు నష్టపోయాడు. మరుసటి ఏడు అతనూ పక్కవాడి భయంతో అదే విత్తనం కొంటే ఆశ్చర్యం ఏముంది?

ఎన్ని కిలోలు తగ్గింది అని చూస్తే చాలదా?

చాలదు. హెక్టారుకు కిలో చొప్పున కొట్టే గ్లైఫోసేట్‌ను, కొన్ని గ్రాములే కొట్టే పురుగుమందు పైరెత్రాయిడ్‌ను ఒకే తూకంలో కూడితే ఏం తెలుస్తుంది? ఆ కొన్ని గ్రాములు చెరువులో కలిస్తే రొయ్య పిల్ల మిగలదు. 2021లో జర్మనీ పరిశోధకులు అమెరికా లెక్కలను కిలోల్లో కాక విషం బలంతో కొలిచారు. పక్షులకు, క్షీరదాలకు ముప్పు తగ్గింది. నీటి పురుగులకు, తేనెటీగల్లాంటి వాటికి 2005 తర్వాత పెరిగింది. బీటీ మొక్కజొన్న పొలాలూ ఇందుకు మినహాయింపు కాదు.

కారణాల్లో ఒకటి విత్తనానికి పట్టించే మందు. 2011 నాటికే అమెరికా మొక్కజొన్న విస్తీర్ణంలో 79 శాతానికి తక్కువ కాకుండా నియోనికోటినాయిడ్ రకం పురుగుమందు పట్టించిన విత్తనమే. రైతు పిచికారీ మానేశాడు, విత్తనం సంచిలోనే మందు కొన్నాడు. చాలా సర్వేల్లో అది లెక్కకు రాదు. "బీటీ వల్ల ఇంత తగ్గింది" అన్న అంకె ఎదురైతే ముందు ఈ విత్తన మందు అందులో కలిసిందో లేదో చూడండి.

సీతాకోకచిలుకలు చస్తాయని విన్నాను.

1999లో ప్రయోగశాలలో బీటీ మొక్కజొన్న పుప్పొడి చల్లిన ఆకులు తిన్న మోనార్క్ గొంగళి పురుగులు చచ్చాయి, అది పెద్ద వార్త అయింది. 2001లో పొలాల్లో కొలిచి చూస్తే, సాగులో ఉన్న రకాల పుప్పొడిలో విషం అంత ఉండదని, ముప్పు చాలా తక్కువని తేలింది. ఆ సీతాకోకచిలుకకు అసలు దెబ్బ ఇంకో వైపు నుంచి తగిలిందని చాలామంది అంటారు. అది తినే జిల్లేడు జాతి కలుపును పొలాల్లో గ్లైఫోసేట్ తుడిచిపెట్టింది.

తెగుళ్ల మందులు కూడా తగ్గించొచ్చా?

నా దృష్టిలో రాబోయే లాభం ఇక్కడే ఎక్కువ, గొడవ మాత్రం తక్కువగా వినిపిస్తుంది. బంగాళాదుంపకు వచ్చే లేట్ బ్లైట్ 1845లో ఐర్లండ్‌ను కరువులోకి తోసింది. ఇవాళ్టికీ చల్లటి, తేమ ప్రాంతాల్లో ఒక పంటకు పది, పదిహేను సార్లు మందు కొట్టిస్తుంది. అడవి బంగాళాదుంప జాతుల్లో దాన్ని తట్టుకునే జన్యువులున్నాయి. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్‌లో అలాంటి జన్యువులు పెట్టిన మొక్కలను పరీక్షిస్తూ, తెగులు వచ్చే సూచన ఉన్నప్పుడే మందు కొడితే 80 శాతం దాకా తగ్గించవచ్చని చూపించారు. మామూలు సంకరంతో ఒక్కో జన్యువును తేవడానికి దశాబ్దాలు పడుతుంది, పైగా దాని వెంట చేదు, చిన్న దుంప లాంటివీ వస్తాయి.

వైరస్ తెగుళ్లకైతే మందే లేదు. హవాయిలో బొప్పాయి తోటలను రింగ్ స్పాట్ వైరస్ ఊడ్చేస్తుంటే, డెన్నిస్ గొన్సాల్వెస్ బృందం ఆ వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువునే మొక్కలో పెట్టింది. 1998లో ఆ విత్తనం రైతులకు ఉచితంగా ఇచ్చారు. వైరస్‌ను మోసే పేనుబంకను మందుతో ఆపడం ఎలాగూ సాధ్యం కాదు.

క్రిస్పర్, ఆర్ఎన్ఏ అంటున్నారు. అవి వేరేనా?

వేరే. క్రిస్పర్‌తో బయటి జన్యువు తేకుండా మొక్క సొంత జన్యువునే మార్చవచ్చు. 2014లో చైనాలో, ముఖ్యంగా టాలెన్ అనే ఇలాంటి ఇంకో పద్ధతితో, గోధుమలో ఎంఎల్ఓ అనే జన్యువును పని చేయకుండా చేసి బూడిద తెగులును తట్టుకునేలా చేశారు. ఆర్ఎన్ఏ పద్ధతిలో పురుగు ఆకు తిన్నప్పుడు దాని ఒంట్లో ఒక అవసరమైన జన్యువు మూతపడుతుంది. వేరు పురుగు కోసం అలాంటి మొక్కజొన్నకు అమెరికా 2017లో అనుమతిచ్చింది. పురుగు దీన్నీ తట్టుకోవడం నేర్చుకోదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

అనుకున్నది జరగని ప్రయోగాలు ఉన్నాయా?

చాలా. నాకు ఇష్టమైనది ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ గోధుమ. పేనుబంక ప్రమాదంలో పడినప్పుడు వదిలే వాసనను గోధుమ మొక్కే వదిలేలా చేశారు. ప్రయోగశాలలో పేనుబంక పారిపోయింది. పొలంలో పారిపోలేదు. ఎప్పుడూ వినిపించే అలారాన్ని అది పట్టించుకోవడం మానేసిందేమోనని ఒక అనుమానం. ఫలితం రాలేదని 2015లో వాళ్లే ప్రచురించారు, అందుకు మెచ్చుకోవాలి.

జన్యుమార్పిడి లేకుండా మందులు తగ్గించలేమా?

తగ్గించిన ఉదాహరణలున్నాయి. 1986లో ఇండోనేషియా వరి మీద వాడే 57 మందులను ఒక్క ఆదేశంతో నిషేధించింది. మందులు కొడుతున్నకొద్దీ సుడిదోమ పెరుగుతోందని, వాటి శత్రువులైన సాలీళ్లు చస్తున్నాయని అప్పటికే అర్థమైంది. మందులకు ఇచ్చే సబ్సిడీ కూడా ఎత్తేశారు, రైతులకు పొలంలోనే శిక్షణ ఇచ్చారు. వాడకం బాగా తగ్గింది, వరి దిగుబడి పడిపోలేదు. నన్నడిగితే ఇది బీటీకి పోటీ కాదు. వంకాయ కాయలో దాక్కున్న పురుగు సాలీడుకు అందదు, వరి మీద కూర్చున్న సుడిదోమ అందుతుంది.

బీటీ విత్తనం వేశాక మందు అసలు కొట్టనక్కర్లేదా?

చూడకుండా కొట్టనక్కర్లేదు. చూడకుండా మానేయడమూ కుదరదు. గులాబీ పురుగుకైతే పూత దశ నుంచే లింగాకర్షక బుట్టలు పెట్టి రోజూ ఎన్ని రెక్కల పురుగులు పడ్డాయో లెక్కపెట్టాలి. వరుసగా మూడు రాత్రులు ఒక్కో బుట్టలో ఎనిమిది దాటితే చర్య తీసుకునే సమయం వచ్చిందని పత్తి శాస్త్రవేత్తలు చెప్పే హద్దు. రేకులు మెలికపడి విచ్చుకోని గుడ్డిపూలు కనిపిస్తే అది ముందస్తు గుర్తు. అన్నిటికంటే నమ్మదగ్గది కాయ కోసి చూడటం. పొలంలో అక్కడక్కడా తిరిగి ఇరవై పచ్చి కాయలు తెంపి, పగలగొట్టి, గింజల మధ్య చూడాలి. రెండు కాయల్లో లద్దె ఉంటే హద్దు చేరినట్టే. బయటి నుంచి ఎంత నున్నగా ఉన్నా సరే, కోయని కాయ ఏమీ చెప్పదు.